రాసే చేతికి చెవులుండవు

ఏప్రిల్ 11

పసుపుపాపిడి పిట్ట వచ్చింది. ఆవిరిగది పక్కనున్న స్ప్రూస్ చెట్టు చిటారున, పొద్దున కాఫీ కాచే వేళకే పాట అందుకుంది. మా ఆయన తౌనో కిటికీ రెక్క తీసి, కప్పు చేతిలో పట్టుకుని, తల ఒక పక్కకి వంచి చాలాసేపు చెవి పెట్టాడు. తర్వాత కిటికీ మూసేసి, "ఈ ఏడు రాలేదు" అన్నాడు.

నేను రొట్టెకి వెన్న రాస్తున్నాను. రాస్తూనే ఉన్నాను. కిటికీ మూసినా అది నాకు వినిపిస్తూనే ఉంది.

నన్ను అడగలేదు. అడిగితే చెప్పేదాన్ని.

ఏప్రిల్ 12

ఈ రోజూ పాడింది. ఈ రోజూ అడగలేదు.

ఏప్రిల్ 16

మంచు కరిగి పెరడంతా బురద. పని లేదు కాబట్టి రాసుకుంటున్నాను.

మా అడవుల్లో పసుపుపాపిడి లేని చోటు లేదు, కానీ దాన్ని కంటితో చూసినవాళ్ళు తక్కువ. బొటనవేలంత ఒళ్ళు. వీపు నాచురంగు, రెక్క మీద రెండు తెల్లచారలు, బోసిమొహంలో నల్లపూసంత కన్ను. నడినెత్తిన పాపిట్లో పసుపు దిద్దినట్టు ఒక గీత, దానికి రెండు వైపులా నలుపు. ఇవన్నీ పుస్తకంలో బాగుంటాయి. అదేమో చెట్టు చిటారున కొమ్మల్లో దూరి ఉంటుంది, మెడ పట్టేసేదాకా చూసినా కనబడదు. చెవితోనే పోల్చుకోవాలి. నూనె లేని బుల్లి చక్రం తిరుగుతున్నట్టు సన్నగా పైకీ కిందకీ సాగి, చివర్లో ఒక చిన్న విదిలింపు. బొగ్గుతల పిట్ట కూడా సన్నగానే కూస్తుంది గానీ దానికి ఆ విదిలింపు రాదు.

ఇంత సన్నటి గొంతు అడవిలో మరొకదానికి లేదు. అందుకే వయసు మళ్ళే చెవుల్లోంచి ముందుగా జారిపోయేది ఇదే. పిట్టలవాళ్ళందరికీ తెలిసిన సంగతే. పిట్టల క్లబ్బులో కొత్తగా చేరినవాళ్ళకి తౌనోయే నవ్వుతూ చెబుతాడు, పసుపుపాపిడి వినబడ్డన్నాళ్ళే మగాడు మగాడని. అది తనకీ వర్తిస్తుందని అతనికి తోచదు. సరస్సు అవతలి కోకిల వినబడుతుంది, దాని వెనక కుక్క వినబడుతుంది, పక్కగదిలో నేను నిట్టూరిస్తే కూడా వినబడుతుంది. ఇంకేం కావాలి? పసుపుపాపిడి వినబడటం లేదంటే పసుపుపాపిడి లేనట్టే. వచ్చే నెలలో డెబ్బై నిండుతాయి. ఈ జిల్లాలో అతని చెవికి ఎదురు చెప్పినవాడు లేడు.

నాకు అనుమానం పోయిన జూన్‌లో పిట్టల లెక్కప్పుడే వచ్చింది. అప్పుడు అడవిలో నాలుగో ఐదో పాడుతున్న చోట ఒక్కటి చెప్పాడు. చలి బాగా ముదిరిన ఏడు ఇవి తగ్గడం మామూలే కాబట్టి చలికి పోయాయన్నాడు. నేను రాసుకున్నాను.

ఏప్రిల్ 17

జూన్ లెక్క గురించి కూడా రాసేస్తాను, మళ్ళీ మనసొప్పదు.

అడవిలోంచి ఒక తిన్నని గీత. ప్రతి జూన్‌లో ఒక తెల్లవారుజామున తౌనో దిక్సూచి పట్టుకుని ఆ గీత మీద నడుస్తాడు. వినబడిన పిట్ట పేరల్లా చెబుతాడు. నేను వెనక నడుస్తూ మ్యాపు మీద గుర్తు పెడతాను. మొదటి ఏడు, మా పెళ్ళయిన కొత్తలో, చెట్టు బెరడు మీద పాకే పిట్ట ఒకటి కూసింది. అతను చెప్పకముందే నేను పేరు అనేశాను. అతను ఆగాడు. క్లబ్బు వాళ్ళిద్దరు వెంట ఉన్నారు. "రాసే చేతికి చెవులుండవు హిల్కా" అన్నాడు. వాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను.

నియమం అదే, కాదనను. లెక్కపెట్టేవాడి చెవికి తగిలిందే లెక్క, రాసేవాళ్ళది కాదు. కానీ ఆ మాట క్లబ్బులో సామెతై కూర్చుంది. ప్రతి శీతాకాలం విందులో ఎవరో ఒకరు అంటారు, అందరూ నా వైపు చూసి గ్లాసు ఎత్తుతారు. ముప్పై ఏళ్ళుగా చెవులు లేకుండా బతికాను. చెవులు లేని మనిషి ఇంట్లో అడవిని గురించి ఏదన్నా అంటే వినేదెవరు? గుడ్లగూబ కూత విన్నానన్న ఏడాది, "నీ కడుపులో వాయువై ఉంటుంది" అన్నాడు.

ఒక్కసారి అడగాలి. హిల్కా, నీకు వినబడుతోందా అని ఒక్కసారి. నేను అంతకంటే ఏమీ కోరడం లేదు.

ఏప్రిల్ 27

తౌనోకి దోషి దొరికాడు. మా మరిది ఓస్మో.

మామగారి అడవిని అన్నదమ్ములు పంచుకున్నప్పుడు సరస్సు వైపు మాకూ, మిట్టమీది స్ప్రూస్ అడవి ఓస్మోకీ వచ్చింది. లెక్క గీత సగం ఆ మిట్టమీద నుంచే పోతుంది. కిందటి చలికాలం గాలివానకి పడిన చెట్లూ, పురుగు పట్టినవీ ఓస్మో తీసేయించాడు. మిగిలిన అడవి ఎప్పటిలాగే చీకట్లు కమ్మి ఉంది. నేను వారానికొకసారి నడుస్తాను కాబట్టి నాకు తెలుసు. తౌనోకి మాత్రం లెక్క కుదిరిపోయింది. వాడు నరికాడు, ఇవి పోయాయి.

సాయంత్రమంతా పేపరుకి వ్యాసం చెప్పాడు, నేను టైపు చేశాను. 'అడవి మూగబోయింది' అని పేరు. ఓస్మో పేరు లేదు గానీ 'మిట్టమీది అడవి యజమాని' అని ఉంది. ఈ పల్లెలో మిట్ట ఒక్కటే. చెబుతూ చెబుతూ ఒకచోట అతని గొంతు బొంగురుపోయింది. చిన్నప్పుడు వాళ్ళ నాన్న భుజాల మీద కూర్చోబెట్టుకుని మొదట పోల్చుకోవడం నేర్పిన పిట్ట అదేనట. నాకెప్పుడూ చెప్పలేదు, పేపరుకి చెబుతున్నాడు.

ఒక కామా సరిచేసి పంపేశాను. టైపు చేసే వేళ్ళకి మాత్రం చెవులెందుకుంటాయి.

మే 1

మే డే పానకం బాగా పులిసింది. ఏటా ఓస్మో, అతని భార్య రౌహా వచ్చేవాళ్ళు. ఈసారి రాలేదు. చేసిన అప్పాలు మిగిలిపోయాయి.

మే 4

వ్యాసం పడింది. కొట్లో అందరి చేతుల్లోనూ అదే. కాఫీ బల్ల దగ్గర ఓస్మో వచ్చి కూర్చోగానే ఒక్కొక్కరికే పనులు గుర్తుకొచ్చాయట. ఎవరూ ఒక్క మాట అనలేదట. మావాళ్ళు మనిషిని చంపాలంటే మాట్లాడరు, అంతే. తౌనో ఈ సంగతి చెబుతూ రెండో బన్ను తిన్నాడు.

మే 9

ఓస్మో వచ్చాడు. తౌనో ఒడ్డున పడవకి తారు పూస్తున్నాడు, అది చూసుకునే వచ్చి ఉంటాడు. టోపీ తీయలేదు, కాఫీ వద్దన్నాడు. మా ఇళ్ళల్లో కాఫీ వద్దన్నాడంటే కత్తి దూసినట్టే.

"హిల్కా, నువ్వు వాడి వెంట అడవిలో తిరుగుతావు కదా" అన్నాడు. "నా మిట్టమీద ఆ దిక్కుమాలిన పిట్టలు ఉన్నాయా, లేవా?"

వంటింటి కిటికీ తెరిచే ఉంది. అది పాడుతోంది, మా ఇద్దరి నెత్తిన. ఓస్మోకి వినబడదు. నలభై ఏళ్ళు రంపం మిషను పట్టిన చెవులు.

రాసేదాన్నేగా, పిట్టల సంగతి నాకేం తెలుసు, మీ అన్ననే అడగమన్నాను.

"వాడు ఏం చెబుతాడో పేపర్లో చదివా. నిన్ను అడుగుతున్నా. ఉన్నాయని ఒక్క మాట అను చాలు, నేను ఎవరికీ చెప్పను. నా మనసుకి తెలిస్తే చాలు."

టోపీ అంచు కింద అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి. రౌహా చర్చికి వెళ్తే ప్రార్థన తర్వాత కాఫీలో దాని పక్క కుర్చీలు రెండు వైపులా ఖాళీగా ఉంచారట. అది చీమకు కూడా అపకారం చేయని మనిషి. అన్నీ విన్నాను. తెలియదనే చెప్పాను.

అతను వెళ్తూ మెట్ల మీద బురద ఊడ్చేసి మరీ వెళ్ళాడు, ఎప్పటిలాగే.

ఓస్మో అడగడం లెక్కలోకి రాదు. అడగాల్సినవాడు ఓస్మో కాదు.

మే 10

బాగా నిద్రపట్టింది.

మే 17

క్లబ్బు వసంతపు నడక. మూగ అడవిని చూపిస్తానని తౌనో అందరినీ మిట్టమీదికే తీసుకెళ్ళాడు. ఓస్మో ఇంటి ముందునుంచే దారి. రౌహా కిటికీ తెర వేసేసింది.

అడవి నడుమ పెద్ద చెట్ల గుంపు ఉంది, అక్కడ ఆపాడు. టోపీ తీశాడు. "వినండి" అన్నాడు. "ఒకప్పుడు ఇక్కడ నిలబడితే ఐదారు పాడేవి. ఇప్పుడు ఈ నిశ్శబ్దం వినండి."

సరిగ్గా అతని నెత్తిన, రెండు నిలువుల ఎత్తులో, పసుపుపాపిడి పాడుతోంది. దానికి ఎడమవైపు నుంచి ఇంకొకటి జవాబిస్తోంది. పద్నాలుగు మంది టోపీలు తీసి నిలబడ్డాం, చావింట్లోలాగా. సగంమంది ముసలివాళ్ళు, వాళ్ళకెలాగూ వినబడదు. మిగతా సగం బూట్ల వైపు చూస్తున్నారు. ఎదుటివాడి పరువు తీయాల్సి వస్తుందంటే మావాళ్ళు అడవి తగలబడుతున్నా చెప్పరు. పిట్ట పాడి పాడి, చివరి విదిలింపు విదిల్చి, మళ్ళీ మొదలుపెట్టింది. తౌనో కళ్ళు మూసుకుని ఉన్నాడు. నవ్వు ఆపుకోవడానికి చెంప లోపల కొరుక్కున్నాను. ఇప్పటికీ మండుతోంది.

తిరిగొచ్చేటప్పుడు మెర్వి నా పక్కకి చేరింది. క్లబ్బులో అందరికంటే చిన్నది, ఊళ్ళో పళ్ళ డాక్టరు. గుసగుసగా, "నీకు వినబడింది" అంది. వినబడలేదన్నాను.

"నీ పెన్సిలు కదిలింది హిల్కా. నేను చూశా."

చూసుకుంటే నిజమే. అలవాటుగా మ్యాపు పట్టుకుని వచ్చాను, ఆ చెట్ల గుంపు మీద రెండు చుక్కలున్నాయి. నేను పెట్టినట్టు గుర్తులేదు. వేలితో చెరిపేశాను.

ఆయనకి తను చెబుతానంది మెర్వి. పాపం ఓస్మో సంగతి కూడా ఆలోచించాలి కదా అంది. తౌనో గుండె బాగోలేదనీ, ఇప్పుడీ మాట అంటే తట్టుకోలేడనీ, జూన్ లెక్క కానిస్తే నేనే మెల్లగా చెబుతాననీ అన్నాను. నా చెయ్యి పట్టుకుంది. ఎంత ఓపికో నీకు అంది.

తౌనో గుండె ఎద్దు గుండె.

మే 21

డెబ్బై నిండాయి కాబట్టి డ్రైవింగ్ లైసెన్సుకి డాక్టరు సర్టిఫికెట్టు కావాలి. కళ్ళు బాగున్నాయట. చెవులు మాత్రం కువోపియో పెద్దాసుపత్రిలో చూపించుకోమన్నాడట. తౌనో దారంతా ఆ డాక్టరును ఎక్కిరించాడు. నా చెవుల గురించి చెప్పడానికి మీసం రాని వాడొకడు అన్నాడు. అయినా వెళ్తానన్నాడు, టీవీ శబ్దం తగ్గించమని నేను గోల పెడుతున్నానట, అందుకని. నేను ఎప్పుడూ పెట్టలేదు.

టీవీకి తగ్గిన చెవి అడవికి తగ్గి ఉంటుందన్న ఆలోచన అతనికి తట్టలేదు. తడుతుందేమోనని దారంతా మొహం చూస్తూనే ఉన్నాను.

మే 26

ఓస్మో గేటుకి ఎవరో చచ్చిన పిట్టను దారం కట్టి వేలాడదీశారు. పిచ్చుక. పసుపుపాపిడి ఎలా ఉంటుందో కూడా తెలియని వెధవలు.

ఇది తౌనోకి నచ్చలేదు. హద్దు దాటారన్నాడు. సాయంత్రం తమ్ముడి ఇంటి దాకా నడిచి, గేటు దగ్గర నిలబడి, తిరిగొచ్చేశాడు. లోపలికి ఎందుకు వెళ్ళలేదని అడిగాను. "తప్పు చేసింది వాడు. ముందు వాడు రావాలి" అన్నాడు.

వచ్చాడు, నీ కోసం కాదు, నా దగ్గరికి అని నోటిదాకా వచ్చింది. మింగేశాను.

జూన్ 2

కొట్లో రౌహా కనిపించింది. ఓస్మో చెట్లు నరికే మిషను మాట్లాడాడట, మిట్ట మొత్తం నరికించడానికి. దాచుకోకుండా చెప్పింది, ఏడవను కూడా లేదు.

"నింద ఎలాగూ మోస్తున్నా, ఆ పనేదో చేసే మోస్తా అంటున్నాడు. వాళ్ళ నాన్న నాటిన చెట్లు హిల్కా. రాత్రిళ్ళు లేచి కూర్చుంటున్నాడు. నువ్వన్నా మీ ఆయనకి చెప్పు."

చూస్తానన్నాను. యాలకులు కొనడం మరిచిపోయి ఇంటికొచ్చాను.

జూన్ 3

చెబుదామనే అనుకున్నాను. భోజనాల దగ్గర, "తౌనో, ఆ మిట్టమీద" అని మొదలుపెట్టాను. "నీకు తెలియని విషయం, వదిలేయ్" అన్నాడు, చేప ముల్లు తీసుకుంటూ.

వదిలేశాను.

జూన్ 6

లెక్క అయింది. ఎండ అప్పటికే చెట్ల నడుమ పడుతోంది, గాలి లేదు, ఇంతకంటే మంచి పొద్దు దొరకదు. తౌనో మొదటి నుంచీ హుషారుగా ఉన్నాడు. పాటపిట్ట, ఎర్రగొంతు, చెట్టుపిచ్చుక, అన్నీ తుపాకీ పేల్చినట్టు చెబుతున్నాడు. తప్పు పోలేదు ఒక్కటీ.

మిట్ట ఎక్కాక నడక తగ్గింది. ప్రతి ముప్పై అడుగులకీ ఆగుతాడు, తల వంచుతాడు, నా వైపు చూడకుండా చెయ్యి అడ్డంగా ఊపుతాడు. లేదు. మళ్ళీ ఆగుతాడు. లేదు. చెట్ల మీద పాడుతూనే ఉన్నాయి. ఈ ఏడు ఎన్నడూ లేనన్ని ఉన్నాయి. నేను మనసులో లెక్కపెట్టాను, కాగితం మీద ఏమీ పెట్టలేదు. చివర గడిలో సున్నా రాయమన్నాడు. రాశాను. గుండ్రంగా వచ్చింది.

అప్పుడు అక్కడే నాచు మీద కూర్చున్నాడు. మొహం చేతుల్తో రుద్దుకున్నాడు. ఏడుస్తున్నాడని కాసేపటికి గాని అర్థం కాలేదు. ముప్పై ఏళ్ళలో చూడలేదు. "ఎంత బాగా పాడేవి హిల్కా" అన్నాడు. నా చెయ్యి అతని భుజం దాకా వెళ్ళింది. ఒక్క మాట చాలు, అనుకున్నాను. ఈ మనిషి నాన్న భుజాల మీద నుంచి విన్న పిట్ట ఇక్కడే ఉంది, ఒక్క మాట చాలు.

అతను ముక్కు చీది లేచాడు. "నీకేం తెలుస్తుందిలే" అన్నాడు. "అది కోల్పోవాలంటే ముందు వినడం వచ్చుండాలి."

చెయ్యి జేబులో పెట్టుకున్నాను.

జూన్ 7

మెర్వి ఫోను చేసింది, చెప్పావా అని. చెప్పాను, బాగానే తీసుకున్నాడు అన్నాను.

జూన్ 14

మిషను వచ్చింది. ఇక్కడికి కూడా వినబడుతోంది. తౌనో కిటికీలన్నీ మూసుకుంటూ తిరిగాడు. "చూశావా, వాడి అసలు బుద్ధి" అన్నాడు.

జూన్ 16

మొత్తం రాయాలి, ఒక పద్ధతిలో.

కువోపియోకి నేనే కారు నడిపాను, అతని లైసెన్సు ఇంకా రాలేదు. చెవిమిషన్లు ఇవాళే పెట్టారు. పరీక్ష చేసినావిడ నన్ను కూడా లోపలికి పిలిచి గీతలు చూపించింది. మాటలకి ఇబ్బంది లేదండీ, ఇంట్లో ఇవి లేకపోయినా మీ మాట బాగానే వినబడుతుంది, బాగా సన్నటి శబ్దాలే పోయాయి, చాలా ఏళ్ళయి ఉంటుంది అంది. తౌనో కోటు బొత్తాలు పెట్టుకుంటున్నాడు. విన్నట్టు లేడు.

బయటికి రాగానే చిన్నపిల్లాడైపోయాడు. కోటు గరగరలాడుతోందన్నాడు. కారు మలుపు దీపం టక్కుటక్కుమంటుంటే, ఇది ఎప్పుడూ ఇలాగే గోల చేస్తుందా అని అడిగాడు. నేనేదో అంటే నా వైపు తిరిగి, "నీ గొంతు ఇలా ఉంటుందని మరిచిపోయా" అని నవ్వాడు. ఎన్నేళ్ళకో అలా నవ్వడం. ఆ రెండు గంటలూ నాకు సంతోషంగానే ఉంది. రాసి పెట్టుకుంటున్నాను, అదీ నిజమే కాబట్టి.

మిట్ట దారి మలుపులో ఆపమన్నాడు. తమ్ముడు చేసిన ఘనకార్యం చూస్తానన్నాడు. ఆపకుండా పోయి ఉండొచ్చు. ఆపాను.

మిషను ఆగి ఉంది. డ్రైవరు లోపల కూర్చుని భోజనం చేస్తున్నాడు. మిట్టలో ముప్పాతిక మొద్దులే, వాగు పక్కన మాత్రం ఒక వరస మిగిలింది. తౌనో కొమ్మల గుట్టలు దాటుకుంటూ నాలుగడుగులు వేసి ఆగాడు. తల వంచాడు. కుడిచెయ్యి పైకెత్తాడు, లెక్కలో నన్ను రాయమని ఎత్తే ఎత్తడం. నా దగ్గర కాగితం లేదు.

"ఒకటి" అన్నాడు. తర్వాత, "రెండు." తర్వాత కింద పడిన కొమ్మల దగ్గర వంగాడు. అక్కడ ఒక తల్లి పిట్ట నోట్లో పురుగుతో అటూ ఇటూ గెంతుతోంది, సి సి సి అని పిలుస్తూ. గూడు ఏ గుట్ట కింద ఉందో దానికి దొరకడం లేదు. అంత దగ్గరగా నేనూ ఎప్పుడూ చూడలేదు. పసుపు గీత, నలుపు, అన్నీ పుస్తకంలో ఉన్నట్టే ఉన్నాయి.

ఓస్మో మొద్దు మీద కూర్చుని ఉన్నాడు. తౌనో దాదాపు పరిగెత్తాడు. మిషను ఆపించమన్నాడు.

"ఆపి?" అన్నాడు ఓస్మో. "నువ్వే వేయించావుగా పేపర్లో, మూగదని. మూగదాన్నే నరుకుతున్నా."

"ఉన్నాయి ఓస్మో. వినబడుతున్నాయి నాకు."

ఓస్మో అన్న చెవుల వైపు చూశాడు, కొత్త మిషన్ల వైపు. మొహంలో కోపం కూడా లేదు. "ఇప్పుడా?" అన్నాడు. డబ్బా మూత పెట్టుకుంటున్న డ్రైవరుకి చెయ్యి ఊపాడు. మిషను మొదలైంది. వాగు వైపు వెళ్ళింది.

తౌనో కారులో కూర్చున్నాక నేను తాళం తిప్పలేదు. ఆ మోతలో కూడా అతను తల వంచే ఉన్నాడు. కాసేపటికి అడిగాడు.

"నీకు వినబడేవా?"

ముప్పై ఏళ్ళు ఎదురుచూసిన ప్రశ్న. దీనికి ఎన్ని జవాబులు సిద్ధం చేసుకున్నానో. వెటకారపువి, జాలివి, ఏడిపించేవి.

"వినబడేవి" అన్నాను.

"లెక్క రోజున?"

"పదకొండు. మన ఆవిరిగది పక్కదాన్ని కూడా కలిపితే పన్నెండు."

ఒక్కటి కూడా ఎక్కువ చెప్పలేదు, తక్కువ చెప్పలేదు. నా లెక్కలో తప్పు లేదు. మెర్వి వచ్చి విన్నా అంతే వచ్చేది. చెబుతున్నప్పుడు నా గొంతులో గర్వం ఉందేమో, ఉంటే ఉంది.

అతను ఇంకేమీ అడగలేదు. ఇంటికొచ్చాం.

జూన్ 17

వాగు పక్కవి కూడా పోయాయి.

జూన్ 20

నడివేసవి పండగ. తలుపుకి రెండు వైపులా బర్చ్ కొమ్మలు కట్టాను. ఒడ్డున పల్లె వాళ్ళంతా మంట వేశారు. ఓస్మో, రౌహా లేరు. వాళ్ళ కూతురి ఊరికి వెళ్ళిపోయారు, ఇల్లు అమ్మకానికి పెడతారట. తౌనో అందరి ముందు లేచి, అడవి మూగది కాదు, నా చెవులే మూగబోయాయి, మా తమ్ముడికి అన్యాయం చేశానని చెప్పాడు. పేపరుకి కూడా రాసిచ్చాడు, ఈసారి నా చేత టైపు చేయించలేదు. నా పేరు ఎక్కడా ఎత్తలేదు. అన్నీ తన నెత్తినే వేసుకున్నాడు.

మెర్వి మంటకి అవతలి వైపు నుంచి నన్ను చూస్తూ ఉంది. దగ్గరికి రాలేదు.

నేను చేసిందేముంది? చెట్టు నరికానా, పేపర్లో రాశానా? నియమం పాటించాను.

జూన్ 27

జూన్ లెక్క గీత మెర్వికి ఇచ్చేశారు. రాయడానికి ఎవరినో తనే చూసుకుంటుందట.

జూలై 3

తౌనో రోజూ పొద్దున్నే అడవికి వెళ్తున్నాడు, మా సరస్సు వైపు అడవికి. చెవిమిషన్లు పెట్టుకునే వెళ్తాడు. తిరిగొచ్చాక గుమ్మం బయట బూట్లు విప్పి, తర్వాత చెవిమిషన్లు తీసి, పెట్టెలో పెట్టి, మూత నొక్కి లోపలికి వస్తాడు. మొదట్లో ఒత్తుకుంటున్నాయేమో అనుకున్నాను.

భోజనం అయిందా అంటే పలకడు. ఉప్పు ఇవ్వమంటే ఇవ్వడు. మొహంలో కోపం లేదు, చిరాకు లేదు, నేను మాట్లాడనట్టే ఉంటుంది. మరీ చెవిటివాడు కాదు కదా, మాటలకి ఇబ్బంది లేదని ఆవిడ నా ఎదుటే చెప్పింది.

ఇవాళ దుంపలు వడ్డిస్తూ మామూలు గొంతుతోనే అడిగాను, "తౌనో, నేను మాట్లాడేది వినబడుతోందా?" దుంప తోలు వొలుచుకుంటూ కూర్చున్నాడు. ఇంకొంచెం గట్టిగా అడిగాను. ఇంకా గట్టిగా అడిగాను. అప్పుడే అవతలి ఒడ్డున ఎవరిదో కుక్క మొరిగింది, అంత దూరాన, ఒక్కసారే. అతను చప్పున కిటికీ వైపు తిరిగి చూశాడు. తర్వాత మళ్ళీ దుంప వొలుచుకున్నాడు.